ఎదుటి కుర్చీలో కపాలం

మిట్టమధ్యాహ్నం... అయినా కటిక చీకటి!

సంపూర్ణ సూర్యగ్రహణం. నల్లని రాక్షసహస్తమేదో నభోమండలంలోని వెలుగునంతా గుప్పిట్లో బిగించి నులిమేస్తున్నట్టుంది. వీధికుక్కలు మొరగడం మాని, ఆగి ఉన్న కార్ల కిందికి దూరాయి. పక్షులు దిక్కుతోచక గోడలకు కొట్టుకుంటున్నాయి. ఎక్కడో దూరాన మేఘం ఉరిమింది... ఆ వెంటనే, పట్టపగలు, ఒక గుడ్లగూబ వికృతంగా కూసింది!

బొమ్మల దుకాణం షట్టరు దించి ఉంది. దాని వెనుక గదిలో, ఆకుపచ్చ గుడ్డ పరిచిన పెద్ద బల్ల మీద ఒక యుద్ధభూమి పరుచుకుని ఉంది. థర్మాకోల్ కొండలు. ఎండిన నాచుతో చేసిన అడవులు. పారదర్శకమైన జిగురు పోసి గడ్డకట్టించిన నది. వాటి నడుమ బొటనవేలంతేసి సైనికులు... కవచాలు తొడిగి, బల్లేలు ఎత్తి, ఊపిరి బిగబట్టి నిలుచున్నట్టున్నారు.

బల్లకు ఇవతలి కుర్చీలో మాస్టారు కూర్చున్నాడు. అవతలి కుర్చీలో బల్ల ఎత్తుకు అందేలా ఖాళీ అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. ఆ పెట్టెల మీద... ఒక కపాలం!

దాని ఎదుట నల్లని కొవ్వొత్తి వణుకుతోంది. మాస్టారు పెదవులు కదులుతున్నాయి. ఆ ఉచ్చారణలో అక్షరాలు లేవు. పళ్ళ మధ్య ఎముకలు నలుగుతున్న చప్పుడు మాత్రమే ఉంది. అది ముగియగానే గొంతెత్తి అరిచాడు.

"లే! పాతాళగర్భంలో నిద్రించే శక్తీ, లే! నీతో తలపడేవాడు వచ్చాడు. పందెం తెచ్చాడు... సజీవమైన పందెం!"

కపాలం ముందున్న పాచికలు ఒక్కసారిగా ఉలిక్కిపడ్డాయి. ఎవరి చెయ్యీ తాకకుండానే గలగలమంటూ బల్ల మీద దొర్లాయి!

సరిగ్గా ఆ క్షణాన, నాలుగు వీధుల అవతల, ఒక అపార్ట్‌మెంటు వంటగదిలో ఒక ఇల్లాలు గుండెలు పగిలేలా కేక పెట్టింది.

"ఏవండీ...! నా చెయ్యి! ఎవరో నా చెయ్యి పట్టుకుని లాగుతున్నారండీ!"

ఆమె పళ్ళ డాక్టర్లకు కట్టుడు పళ్ళు చేసిచ్చే ల్యాబులో పనిచేస్తుంది. పింగాణీ పన్ను మీద సన్నని పసుపు నీడను, కంటికి కనిపించీ కనిపించని పగుళ్ళను కుంచెతో దిద్దడం ఆమె పని. భర్త లిఫ్టు మెకానిక్. ఆదివారం వస్తే అతనికి లోకంతో పని లేదు. బావతో కలిసి బొమ్మల దుకాణం వెనుక గదిలో యుద్ధాలాడతాడు. టేపుతో దూరాలు కొలుస్తూ, పాచికలు విసురుతూ, కొండల చాటు నుంచి సైన్యాలను నడిపించే ఆట అది.

బావ, అంటే ఆమె అన్న, మందుల షాపు నడుపుతాడు. మనిషి భారీ. ఏ యుద్ధానికైనా ఫిరంగులే తెస్తాడు కాబట్టి అందరూ అతన్ని 'ఫిరంగి' అనే పిలుస్తారు. ఆ పేరంటే అతనికీ మహా ఇష్టం.

లిఫ్టు మెకానిక్‌కు ఆడే ఓపికే తప్ప రంగులు వేసే ఓపిక లేదు. అతని సైనికులు ఏళ్ళ తరబడి బూడిదరంగు ప్లాస్టిక్‌గానే ఉండిపోయారు.

"ఏం బావా, నీ సైన్యం ఎప్పుడూ స్నానానికి బయల్దేరినట్టే ఉంటుంది. ఒక్కడికైనా బట్టలు తొడగరాదూ?" అని ఫిరంగి ఏడిపించేవాడు.

ఆ మాట విని ఒక ఆదివారం ఆమే వచ్చి కుంచె పట్టింది. పళ్ళకు అలవాటైన చెయ్యి. ఆవగింజంత ముఖంలో కన్ను దిద్దింది... ఆ కన్ను చూసింది! నిజంగా చూసినట్టే ఉంది. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారు మాత్రం కొట్టలేదు. ఆకలిగొన్నవాడు అన్నం పళ్ళేన్ని చూసినట్టు ఆమె వేళ్ళనే చూస్తూ ఉండిపోయాడు.

ఆయన దుకాణానికి యజమాని. ఊరంతటిలో ఆయనలా బొమ్మలకు ప్రాణం పోసేవాడు లేడని పేరు. ఆ పేరు అక్షరాలా నిజమని ఎవరికీ తెలియదు! దుకాణంలోని అద్దాల అరలో మెరిసే ప్రతి యోధుడిలోనూ ఎవరిదో ఒకరి ప్రాణవాయువు బందీగా ఉంది. వెంట్రుకలతో కట్టిన కుంచె, నెత్తురు కలిపిన రంగు, చితాభస్మంతో పూసిన తొలిపూత... ఇవీ ఆయన పరికరాలు. గ్రహణం పట్టిన ప్రతిసారీ పాతాళశక్తిని ఆటకు పిలుస్తాడు. ఆ ప్రాణాలను పందెం కాస్తాడు. గెలిస్తే ఆయుర్దాయం... ఓడితే పోయేది పరుల ఊపిరి! నూరేళ్ళు ఎప్పుడో దాటినా ఆయన జుట్టు నెరవలేదంటే అందుకే.

బొమ్మను ప్లాస్టిక్ చట్రం నుంచి కోస్తుండగా ఒకనాడు ఆమె వేలు తెగింది. ఈ సరదాలో అది మామూలే. ఫిరంగి వేలూ అంతకుముందు అలాగే తెగింది. మాస్టారే పరుగున వచ్చి దూది అద్దాడు.

"భయపడకు తల్లీ. నెత్తురు చిందని చెయ్యికి ఈ కళ పట్టుబడదు."

ఎర్రబడిన ఆ దూది చెత్తబుట్టలోకి పోలేదు. ఆయన జేబులోకి పోయింది!

కొన్నాళ్ళకు అద్దాల అరలో కొత్త బొమ్మ వెలిసింది. ఫిరంగి పక్కన బొజ్జ వేసుకుని నిలుచున్న లావుపాటి సైనికుడు. అచ్చం ఫిరంగే! గది ఘొల్లుమంది. అతను మురిసిపోయి ఫోటో తీసుకున్నాడు. ఆ వారమే మందుల షాపులో కౌంటరు వెనుక నిలుచున్నవాడు నిలుచున్నట్టే కూలిపోయాడు. ఆస్పత్రిలో అన్ని పరీక్షలూ చేశారు. జబ్బు లేదు, దెబ్బ లేదు... కళ్ళు తెరిచే ఉన్నాయి, మనిషి మాత్రం లేడు.

"మొన్నటిదాకా నన్ను ఏడిపించినవాడు... ఒక్క మాటైనా అనవేం బావా?" అంటూ లిఫ్టు మెకానిక్ మంచం పక్కన కూర్చునేవాడు.

ఆ తర్వాత ఆమె వంతు వచ్చింది.

మొదట కుడిచెయ్యి మాట వినడం మానేసింది. ల్యాబులో ఒక ముసలావిడ కోసం మొదలుపెట్టిన పళ్ళసెట్టు, పూర్తయ్యేసరికి, కోరలతో వచ్చింది! తాను ఎప్పుడు చేసిందో ఆమెకే గుర్తు లేదు. ఇంట్లో గరిటెల మీద, కోడిగుడ్ల మీద, గోడల మీద కళ్ళు దిద్దుతోంది... రెప్పలు లేని కళ్ళు! ఒకరోజు భర్తకు కాఫీ ఇస్తూ ఇస్తూ, గరగరలాడే మగగొంతుతో అరిచింది.

"ఎడమ పార్శ్వం... ముందుకు!"

కప్పు జారి బద్దలైంది. ఆమె ముక్కలకేసి చూసి, తన సొంత గొంతుతో భోరుమంది. "నేను కాదండీ... అది నేనన్న మాట కాదు!"

ఇప్పుడు ఈ గ్రహణవేళ, అదే చెయ్యి ఆమెను ఈడ్చుకుపోతోంది!

తలుపు తోసుకుని, మెట్లు దిగి, నిర్మానుష్యమైన వీధిలోకి నడిచింది. భర్త నడుం పట్టుకుని ఆపబోయాడు. పదిమంది బలంతో విదిలించింది! జుట్టు విరబోసుకుని, కనుగుడ్లు తేలవేసి కొంతదూరం నడిచింది... హఠాత్తుగా ఆగింది. ఉలకలేదు, పలకలేదు. మళ్ళీ కొంతదూరం... మళ్ళీ ఆగింది.

ఆ నడక లిఫ్టు మెకానిక్‌కు తెలుసు! నడవడం, వంతు వచ్చేదాకా ఆగడం, మళ్ళీ నడవడం... ప్రతి ఆదివారం తన సైనికులను తాను నడిపించేది అలాగే!

"ఎవడో ఆడుతున్నాడు. నా పెళ్ళాంతో ఆడుతున్నాడు!"

ఆమె బొమ్మల దుకాణం ముందు ఆగింది. అతను జేబులోని స్క్రూడ్రైవరు దూర్చి తాళం పెకలించి, షట్టరు పైకి నెట్టాడు. వెనుక గదిలోంచి కుళ్ళిన గాలి ముఖాన కొట్టింది. కొవ్వొత్తి, కపాలం, మాస్టారు... బల్ల మీద, నల్లని సేనల అంచున, జెండా పట్టుకున్న ఒక స్త్రీ బొమ్మ. చెవి కింద పుట్టుమచ్చతో సహా అతని భార్య!

"దొంగనాకొడకా!" అంటూ బల్ల మీదికి దూకాడు.

అదృశ్యహస్తమొకటి అతన్ని ఎత్తి గోడకేసి కొట్టింది!

మాస్టారు వికటాట్టహాసం చేశాడు. "ముట్టుకో, మూర్ఖుడా! ఆట నడుమ ఈ బల్ల కదిలిందా... దీని మీదున్న ప్రాణాలన్నీ ఒక్కసారే ఆరిపోతాయి. నీ భార్య, నీ బావ, ఇంకా నీకు తెలియని ఎందరో! నోరు మూసుకుని చూడు!"

నోటి నిండా నెత్తురుతో లిఫ్టు మెకానిక్ గోడకు చేరగిలబడ్డాడు. చేతులు కదలవు. కాళ్ళు కదలవు. మిగిలింది కళ్ళే. అందుకే చూశాడు... ఆదివారాలన్నీ చూసిన కళ్ళతో బల్లను చూశాడు.

మాస్టారు ఓడిపోతున్నాడు!

కపాలం వైపు నుంచి రంగులేని, ముఖాలులేని నల్లని మూక నది దాటి వచ్చేసింది. పాచికలు దొర్లాయి. మాస్టారి నుదుట చెమట పట్టింది. గెలుపు కావాలంటే కొండ మీదికి జెండా చేరాలి. ఆయన టేపు పరిచాడు. స్త్రీ బొమ్మను జరిపాడు. టేపు తీస్తూ తీస్తూ... చూపుడువేలి గోటితో, ఈగ వాలినంత మెత్తగా, ఇంకాస్త ముందుకు నెట్టాడు!

అతని వెనుకే వచ్చి ద్వారంలో నిలుచున్న ఆమె బొంగరంలా తూలి ఒక అడుగు ముందుకు వేసింది.

"కొలవండి!" లిఫ్టు మెకానిక్ గొంతు చించుకుని అరిచాడు. "మళ్ళీ కొలవండి! ఆయన ఎక్కువ జరిపాడు!"

మాస్టారి ముఖం పాలిపోయింది. "వాడి మాట వినకు... వాడు ఆటలో లేడు..."

కపాలం మెల్లగా తిరిగింది! శూన్యమైన కనుగూళ్ళలో రెండు నీలిజ్వాలలు రగిలాయి. టేపు పాములా తనంతట తానే పాకి, బయలుదేరిన చోటి నుంచి బొమ్మ దాకా సాగింది. వేలెడు మేర... తప్పు!

"మో...స...ము!"

ఆ స్వరం గదిలోంచి రాలేదు. పునాదుల కిందనుంచి వచ్చింది. అద్దాల అరలు పగిలి కుప్పకూలాయి!

"మోసగాడి సైన్యమంతా నాదే..."

నల్లని మూక ఒక్కుమ్మడిగా జెండా వైపు కదిలింది. ద్వారంలో ఆమె మోకాళ్ళ మీద పడి గొంతు పట్టుకుంది. "ఏవండీ... ఊపిరి... ఊపిరాడట్లేదండీ..."

"ఆగు!" ఒంటి మీది పట్టు సడలగానే అతను గోడను పట్టుకుని లేచాడు. "నువ్వెవరో నాకు తెలీదు. కానీ ఆట ఆడేటోడివి కాబట్టి అడుగుతున్నా. ఆ సైన్యం ఆయనది కాదు! ఆ జెండా పట్టుకుంది నా భార్య. ఆ ఫిరంగి పక్కనున్నది మా బావ. వాళ్ళని అడిగి తెచ్చాడా? ఎత్తుకొచ్చింది పందెం ఎలా అవుతుంది? పందెం అంటే సొంతది కాయాలి!"

నల్లని మూక నిలిచిపోయింది.

"ఇతనికి... సొంతమైనది... ఏది?"

చెప్పబోయేది ఏమిటో, చెప్పాక ఏం జరుగుతుందో లిఫ్టు మెకానిక్‌కు తెలుసు. మాస్టారు చేతులు జోడించి, చిన్నపిల్లాడిలా తల అడ్డంగా ఊపుతున్నాడు. "వద్దు నాయనా... వద్దు... నీ భార్యను వదిలేస్తాను..."

నేల మీద ఆమె పెదవులు నీలం తిరుగుతున్నాయి.

"వాడే," అన్నాడు లిఫ్టు మెకానిక్. "వాడొక్కడే."

భూమి దద్దరిల్లింది! మాస్టారి పాదాల నుంచి బూడిదరంగు పూత పైకి పాకింది... మోకాళ్ళు... నడుము... కంఠం! నల్లని జుట్టు ఒక్క క్షణంలో తెల్లబడి, రాలి, దుమ్మై పోయింది. దొంగిలించిన ఏళ్ళన్నీ ఒక్కసారిగా మీద పడి శరీరం ముడుచుకుపోయింది... కుంచించుకుపోయింది... బొటనవేలంతైంది! ఆ నోరు ఇంకా అరుస్తూనే ఉంది. నల్లని మూక ఆ బొమ్మను కాళ్ళూ చేతులూ పట్టి, నది దాటించి, కపాలం నోట్లోకి మోసుకుపోయింది. దవడలు ఫెళ్ళున మూసుకున్నాయి. మరుక్షణం కపాలం పొడిపొడిగా రాలిపోయింది.

వెలుగు వచ్చింది. ఆమెకు ఊపిరి అందింది. బయట ఎవరో కారు స్టార్టు చేస్తున్నారు.

మాస్టారు చేసిన బొమ్మలన్నీ భార్యాభర్తలు ఒక అట్టపెట్టెలో పెట్టుకుని ఇంటికి వచ్చారు. ఆమె చెయ్యి ఇంకా అప్పుడప్పుడు లాగుతూనే ఉంది. బొమ్మల మీది రంగు నెత్తురు వాసన వేస్తోంది; ఆ రంగు ఉన్నంతకాలం బంధం ఉంటుంది. రంగు కడిగితే...? వదులుతుందో, ప్రాణమే పోతుందో చెప్పేవాళ్ళు లేరు.

వంటగది సింకు దగ్గర ఆమె పాత టూత్‌బ్రష్షు, రంగు కరిగించే ద్రావకం పెట్టుకుంది. భర్త పెట్టెలోంచి తెలియని బొమ్మ ఒకటి తీసి అందించాడు.

"ముందు దీంతో చూద్దాం."

ఆమె అతని కళ్ళలోకి చూసింది. "అది ఎవరో మనకి తెలీదు కాబట్టేగా దాన్నిచ్చారు?"

అతను తల దించుకున్నాడు.

"నాది ఇవ్వండి. ఏమైనా అయితే నాకే అవ్వాలి."

జెండా కడిగింది. కవచం కడిగింది. చీలమండలు జివ్వుమన్నాయి. చివరికి ముఖం మిగిలింది. కళ్ళ మీద బ్రష్షు రుద్దగానే లోకమంతా మాయమై, ఆమె సింకు అంచు పట్టుకుంది. "ఏవండీ... ఉన్నారా?"

"ఉన్నా... ఇక్కడే ఉన్నా..."

చాలాసేపటికి ఆమె కళ్ళు చికిలించింది. "చొక్కా నిండా ఆ దుమ్మేంటండీ? అలాగే వంటింట్లోకి వచ్చేశారా?"

అతను నవ్వబోయి ఏడ్చేశాడు.

తర్వాత అన్న బొమ్మ. అది కడుగుతుండగానే ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది. ఫిరంగి లేచి కూర్చుని, నర్సును ఇడ్లీ ఉందా అని అడుగుతున్నాడట!

మిగిలినవన్నీ ఆమె ఒక్కొక్కటే కడిగింది. ఎవరివో తెలియవు. ఏ ఊళ్ళోనో, ఏ మంచం మీదో ఒక ముసలాయన తల ఎత్తి ఉండవచ్చు. బస్సులో ఒక అమ్మాయి కారణం తెలియకుండా ఏడ్చి ఉండవచ్చు. కొన్ని బొమ్మలు మాత్రం రంగు పోయినా చేతికి మంచులా చల్లగానే తగిలాయి. అవి ఎందుకు అలా ఉన్నాయో ఇద్దరికీ అర్థమైంది.

తడి చేతులు తుడుచుకుంటూ ఆమె అడిగింది. "చివర్లో ఆయన బతిమాలాడు కదా... నాకు వినపడింది. ఆ మాట అన్నందుకు మీకు బాధగా లేదా?"

అతను కడిగిన బొమ్మలను గుడ్డ మీద ఆరబెట్టాడు.

"ఉంది," అన్నాడు. "కానీ మళ్ళీ అడిగినా అదే చెప్తాను."