తిప్పని బరువులు

రాతలో తప్పులుంటే మన్నించండి. అక్షరాలు ముసలితనంలో నేర్చుకున్నాను, చెయ్యి నిదానం. కథ మాత్రం నిదానం కాదు.

ల్యాబ్‌లో ప్రెషర్ గేజీలు సరిచూసే మెకానిక్‌ని ఎవరో వేడి కొలిచే థర్మోకపుల్ వైరుతో గొంతు బిగించి చంపేశారు. మర్నాడే సీక్రెట్ ఏజెంట్ గద్దకు పిలుపొచ్చింది.

"ఇవాళ గాలి ట్యాంక్ టెస్ట్," అన్నాడు చీఫ్. "విదేశీ ముఠా దాన్ని పేల్చేయబోతోంది. మన ఏజెంట్ ఎర్రకోటు అక్కడే ఉంది, గేజీల ఎక్స్‌పర్ట్ వేషంలో."

"ఆ ల్యాబ్ ఇన్‌ఛార్జి మా అక్క సార్."

"తెలుసు. అందుకే నిన్ను పంపుతున్నా."

గద్ద మెకానిక్ వేషంలో వెళ్లేసరికి అక్క అవతల కంప్రెసర్ దగ్గరుంది. ఎర్రకోటు నవ్వింది. ఆ నవ్వుకి థర్మామీటర్లో పాదరసం పైకెక్కాల్సిందే.

"గాలి బరువుగా ఉంది," అన్నాడు గద్ద.

"తూచి చెప్పనా?"

కోడ్ సరిపోయింది. ఆమె గేజీని, బరువులతో సరిచూసే టెస్టర్‌కి బిగించింది. పిస్టన్ మీద బరువులు పెట్టి, వెంటనే "కరెక్ట్" అనేసి, గేజీని తీసి ట్యాంక్‌కి తగిలించింది. కంప్రెసర్ మొదలైంది. అక్క వచ్చి ట్యాంక్ పక్కన నిలబడింది.

గద్ద ఆ బరువుల వైపు తిరిగి చూశాడు. పిస్టన్ పట్టెయ్యకుండా బరువుల్ని వేలితో తిప్పి వదిలాకే ఎవరైనా రీడింగ్ చూస్తారు. ఈవిడకి ఆ రీడింగే అక్కర్లేదు. అంటే అది ఒత్తిడిని తక్కువ చూపించే అబద్ధపు గేజీ అని ముందే తెలుసు!

"బరువులు తిప్పలేదేం?"

నవ్వు మాయమైంది. కోటు జేబులోంచే పిస్టల్ పేలింది. గద్ద భుజం చీలింది. చేతికందిన ఇనుప బరువుతో ఆమె మణికట్టు మీద మోదాడు. ఎముక పటుక్కుమంది. ఆమె రెండో చేత్తో గీతలు గీసే ఇనుప సూదిని అతని తొడలో పిడిదాకా దించింది. గద్ద పళ్లు బిగించి ఆ చేతిని బల్లమీది ఇనుప పట్టకారు, వైసులోకి లాగి, హ్యాండిల్ తిప్పాడు. ఆమె కేకకి కిటికీలు అదిరాయి.

"అక్కా, పారిపో!"

"గేజీ ఇంకా నలభైలోనే ఉందిగా, నీకేం పిచ్చా?"

అంతలో ట్యాంక్ అతుకులు కీచుమన్నాయి. రక్తంలో జారుతూ, పాకుతూ వెళ్లి గద్ద వాల్వ్ చక్రాన్ని ఒంటిచేత్తో గుంజాడు. కదల్లేదు. అక్క కూడా పట్టింది. ఒక్క బోల్టు తెగి అతని చెవిని కోసుకుపోయింది. అప్పుడు వాల్వ్ తెరుచుకుంది. గాలి హోరుమంటూ బయటపడింది.

చీఫ్ పరిగెత్తుకొచ్చాడు. "టెస్ట్ ఏమైంది?"

తమ్ముడి చెవికి కర్చీఫ్ అదిమి పట్టుకుని అక్క తలెత్తింది.

"ట్యాంక్ పాసైంది సార్. మీరు పంపినవాళ్లలోనే సగంమంది ఫెయిల్."

— వరహాలమ్మ, డెబ్భై మూడేళ్లు. ప్రస్తుతం చిన్నకూతురి ఇంట్లో, మేడ మీది గదిలో.