చలిలో తిరిగిన ఫ్యాన్

తమ్ముడి కారు పేలి మూడు వారాలైంది. తమ్ముడు పోయాడు. పేలుడు మాత్రం అన్న కుడిచెవిలో ఉండిపోయింది. కుయ్‌మని ఒకటే మోత. సీక్రెట్ సర్వీసులో అతన్ని ఏజెంట్ సెవెన్ అంటారు. చెవిలో జోరీగతో కలిపితే ఎనిమిది.

"నిశ్శబ్దంలో కూర్చోకండి," అన్నాడు చెవి డాక్టర్. "ఫ్యానో రేడియోనో మోగుతుండాలి. మోత పోదు, అందులో కలిసిపోతుంది."

గాడ్జెట్ల సెక్షన్ వాళ్లు వాన చప్పుడు వినిపించే ఇయర్‌పీస్ చేసిచ్చారు.

చీఫ్ బ్రీఫింగ్ క్లుప్తంగా ముగిసింది. "కారు పేల్చినవాడు విదేశీ ముఠా మనిషి. ఇరవై ఏళ్లుగా బాంబులే వృత్తి. ముఖం ఎవరూ చూడలేదు. హోటల్ నాలుగో ఫ్లోర్లో దిగాడు. పదకొండుకి కింద హాల్లో మంత్రి మీటింగ్. ఆపితే వాడు మాయం. నాకు ప్రాణాలతో కావాలి."

"ఎవరి ప్రాణాలతో సార్?"

"వాడివేనయ్యా! పగ తర్వాత."

పదిన్నర. సెవెన్‌ది ప్లంబర్ వేషం. రిసెప్షన్లో గులాబి, సర్వీసుకి సమాచారమిచ్చే అందగత్తె.

"బయట వానా?" కోడ్ అడిగింది.

"నా చెవిలో మాత్రమే."

"నాలుగు వందల రెండు, బాస్. పెట్టె నిండా వైర్లే!"

తలుపు తీస్తే పియానో రిపేరు చేసే తాతగారు! వైర్లన్నీ పియానోవే. గులాబి సెవెన్ చెవిలో పువ్వు పెట్టబోయింది. పాపం, జోరీగ కాపురమున్న చెవిలో పువ్వుకి చోటేది?

పది యాభై ఏడు. బయట ఎముకలు కొరికే చలి. నాలుగు వందల తొమ్మిది తలుపు వెనక మాత్రం ఫ్యాన్ ఫుల్ స్పీడ్ మోత. ఛానల్ రాని టీవీ బుస్సుమంటోంది.

సెవెన్ ఆగిపోయాడు. ఇరవై ఏళ్ల పేలుళ్లు! వీడి చెవుల్లోనూ జోరీగే!

మాస్టర్ కీతో తలుపు తీశాడు. ఫ్యాన్ కింద దుప్పటి కప్పుకొని ఒకడు. చేతిలో రిమోట్.

"మంత్రి స్టేజీ ఎక్కేదాకా కదలకు. కదిలితే ఇప్పుడే నొక్కుతా."

"మూడు వారాల కిందట ఒక కారు. గుర్తుందా?"

"ఎన్ని కార్లని గుర్తుపెట్టుకోను, తమ్ముడూ?"

ఆ పిలుపు సెవెన్ గుండెలో దిగింది. తుపాకీ తియ్యలేదు. తలుపు పక్కనున్న కీకార్డు పీకాడు. కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగింది, టీవీ ఆగింది.

సెవెన్ చెవిలో వాన కురుస్తూనే ఉంది. వాడి చెవుల్లో ఇరవై ఏళ్లూ ఒక్కసారిగా మోగాయి. "అబ్బా!" అని రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. రిమోట్ జారింది. నేలకి జానెడు పైన సెవెన్ దాన్ని అందుకున్నాడు. పదకొండుకి ఒక్క సెకను.

కింద, ముఠాకి అమ్ముడుపోయిన గులాబి చేతులకీ గాజుల బదులు సంకెళ్లు పడ్డాయి.

జైల్లో వాడి గదిని సెవెనే ఎంచాడు. చీమ చిటుక్కుమన్నా వినిపించే గది. కానీ అక్కడ చీమలు కూడా లేవు. నాలుగో రోజు చీఫ్ ఫోన్.

"ఒక్క ఫ్యాన్ ఇస్తే ముఠా పేర్లన్నీ చెప్తాడట. ఏం చేద్దాం?"

"పేర్లు రాయించుకుని ఇచ్చేయండి సార్," అన్నాడు సెవెన్. "రెక్కలు విప్పి."