పది మాటల పరీక్ష

సెమిసికి ఆడాలని లేదు. ఆ ముక్క భార్య ఓఫాకి తప్ప బెలారా ఊళ్ళో ఇంకెవరికీ చెప్పే ధైర్యం అతనికి లేదు.

పన్నెండు రోజుల క్రితం రగ్బీ మ్యాచ్‌లో ఎవరి మోకాలో అతని కణతకి తగిలింది. అప్పట్నుంచీ వెలుతురు చూస్తే వాంతి వస్తోంది. నిన్న సొంత వీధిలోనే నిలబడి ఇల్లెటో తెలియక ఏడ్చాడు. రేపేమో ఫైనల్. ఊరి జట్టుకి ఇరవై ఏళ్ళకి ఫైనల్ వచ్చిందని చెరకు మిల్లు గేటుకి అతని బొమ్మ కట్టారు. మాంసం పైలు అమ్మే కొట్టు మారీన్ పొట్లం చేతిలో పెడుతూ, "దెబ్బ తలకేగా తమ్ముడూ, కాళ్ళు బానే ఉన్నాయిగా," అని నవ్వింది. చర్చిలో పాస్టరు అందర్నీ లేపి, అతను ఆడాలని ప్రార్థన చేయించాడు. ఓఫా ఒక్కతే లేవకుండా కూర్చుంది.

"నా మాట విని ఈ పరీక్ష తప్పిపో," అంది ఓఫా, స్టేడియం ముందు కారు ఆపుతూ. వెనక సీట్లో ఆరేళ్ళ కూతురు లుపే బొమ్మతో ఆడుకుంటోంది. "రేపు నన్నూ పిల్లనీ గుర్తుపట్టకపోతే ఈ ఊరొచ్చి నీకు వండిపెడుతుందా?"

"తప్పుతాలే."

తప్పడం అంత తేలిక కాదు. డాక్టరు పది మాటలు చదువుతుంది, తిరిగి చెప్పాలి. సీజన్ మొదట్లో ఒళ్ళు బాగున్నప్పుడు ఎన్ని చెప్పారో అన్ని చెబితే ఆడనిస్తారు. అందుకే ఆటగాళ్ళు అప్పుడు కావాలనే తక్కువ చెబుతారు. సెమిసి కూడా తెలివి చూపించి నాలుగే చెప్పాడు. ఇప్పుడు ఆ నాలుగు కూడా రాకూడదు.

గ్యాలరీ కింద గది. మధ్యాహ్నమే అయినా అతని కళ్ళ కోసం కిటికీలన్నీ మూసి ఉన్నాయి. నొప్పి మందు వాసన, నానిన చెక్క వాసన, మిల్లు నుంచి మాగిన బెల్లం వాసన. పక్క మంచానికి తెర వేసి ఉంది. వెనక ఎవరో తడి ముక్కుతో ఊపిరి పీలుస్తున్నారు. జట్టులో ఎవడో కట్టు కట్టించుకుంటున్నాడనుకున్నాడు.

డాక్టర్ నెరిడా కాగితం తీసింది. "దుప్పటి. మిరియం. నిచ్చెన. గొడుగు. కప్ప..."

బయట అభిమానుల గోల లేచింది. సెమిసి, సెమిసి అని ఒకటే అరుపులు. ఆమె చదవడం ఆపి కిటికీ వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"ఊ, చెప్పు," అంది.

అతని బుర్రలో ఒక్క మాటా మిగల్లేదు. హమ్మయ్య అనుకున్నాడు. గుర్తులేదు అనబోయాడు.

"దుప్పటి..." అని చెవిలో ఎవరో గుసగుసలాడారు.

"దుప్పటి," అన్నాడు సెమిసి. అనాలనుకోలేదు. నాలుక దానంతటదే కదిలింది.

"మిరియం... నిచ్చెన... గొడుగు..."

చెవి మీద చల్లటి ఊపిరి. పళ్ళు బిగపట్టాడు. అయినా నోరు తెరుచుకుంది... కప్ప... అద్దం... సబ్బు... వంతెన... ఉంగరం... ఉప్పు.

నెరిడా కలం ఆగిపోయింది. "నేను చదివింది ఐదే, సెమిసీ."

"ఆ తెర వెనక ఎవరు?"

"ఎవరూ లేరు." ఆమె కాగితం మడిచింది. "డారిల్ కీఫ్ పోయాక ఆ మంచం ఎవరికీ ఇవ్వలేదు. వాడికీ మీ లుపే ఈడు కూతురుంది. వాడూ ఈ పరీక్ష నెగ్గే ఆడాడు. సగం ఆటలో పడ్డవాడు మళ్ళీ లేవలేదు. నెగ్గించింది నేనే."

బయట అరుపులు గోడల్ని తాకుతున్నాయి.

"తలనొప్పి ఉందా?" మెల్లగా అడిగింది.

ఉంది. చచ్చేంత ఉంది. చెప్పాలి... ఓఫా కోసమైనా చెప్పాలి...

"లేదు," అంది అతని నోరు.

ఆమెకి తెలుసు. అతని కళ్ళలోకి చూడలేకపోయింది. సంతకం పెట్టింది.

బయటికి రాగానే జనం భుజాలు తట్టి దారిచ్చారు. అతని మొహం చూసి ఓఫాకి విషయం అర్థమైంది. కంచె దగ్గర పిల్ల అటు తిరిగి ఆడుకుంటోంది. దాన్ని పిలిచి గుండెకి హత్తుకోవాలనిపించింది. పేరు... పేరేంటి... ఎంత వెతికినా దొరకలేదు.

చెవి చల్లబడింది.

"టెగన్," అని పిలిచాడు.

ఆ పేరు వాళ్ళ ఇంటా వంటా లేదు. ఓఫా చేతిలోంచి తాళాలు జారిపోయాయి.

లుపే వెనక్కి తిరిగి, "వస్తున్నా డాడీ," అని పరిగెత్తుకొచ్చింది.