పిన్ని ఎడమ పక్క

"వెలుతురు కొడుతోందే, ఆ కర్టెన్ వెయ్యి," అంది పిన్ని, కుట్టుమిషన్ ముందు కళ్లు చికిలిస్తూ.

పోలీసమ్మ కర్టెన్ వేసింది గానీ అక్కణ్ణుంచి కదల్లేదు. ప్రతిదానికీ ఆరాలు తీస్తుందని ఆ ఐదో తరగతి పిల్లకు ఇంట్లోవాళ్లు పెట్టిన పేరది.

స్కూల్ నాటకానికి కావలసిన గౌను ఇంకా సగంలోనే ఉంది. అడిగితే పిన్ని ఎడమ కన్ను మసక అంటోంది. పక్కింటావిడ తెచ్చిన చొక్కాకి మాత్రం నిన్ననే గుండీలు కుట్టిచ్చింది. మొన్న బజార్లో తను పక్కనే నిలబడి ఉన్నా చూడనట్టే వెళ్లిపోయింది. కన్ను ఎర్రబడిందేమని అమ్మ అడిగితే, "నిద్ర చాల్లేదక్కా," అని మాట దాటేసింది.

'నా గౌను కుట్టడం ఇష్టంలేక వేషాలేస్తోంది,' అనుకుంది పోలీసమ్మ.

పిన్ని దారాల కోసం లోపలికి వెళ్లగానే, చిన్న స్టూలు ఒకటి చప్పుడు కాకుండా లాగి, ఆమె వచ్చే దారిలో ఎడమ పక్కగా పెట్టింది. కనబడుతుంటే తప్పుకుంటుందిగా.

పిన్ని తప్పుకోలేదు. బోర్లా పడింది. మోకాలు చీరుకుపోయింది.

అమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఈ స్టూలు ఇక్కడికెలా వచ్చింది?"

పోలీసమ్మ స్టూలు పక్కకు లాగేసింది. "నేనే పెట్టానమ్మా. పిన్ని అబద్ధమాడుతోందేమోనని."

పిన్ని తిట్టలేదు. "ఆ పక్కంతా పొగ కమ్మినట్టుందే. కుడి కంటితోనే నెట్టుకొస్తున్నాను. మీరు కంగారుపడతారని తేలిగ్గా చెప్పాను," అంది.

అమ్మ వెంటనే పిన్నినీ పోలీసమ్మనూ కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. పరీక్షలన్నీ అయ్యాక, ముగ్గురినీ కూర్చోబెట్టి డాక్టరు అసలు సంగతి చెప్పింది.

"ఒంట్లో టీబీ క్రిమి దాక్కుని ఉంది. దానివల్లే కన్ను లోపల వాచింది. నెలల తరబడి మందులు వాడాలి. చూపు చాలావరకు రావచ్చు. పూర్తిగా వస్తుందని మాత్రం మాటివ్వలేను."

"దగ్గు కూడా లేదే," అంది అమ్మ, నమ్మలేక.

"అందరికీ దగ్గు రాదమ్మా."

టీబీ అన్న మాట వినగానే పోలీసమ్మ కుర్చీ వెనక్కి జరుపుకుంది. డాక్టరు గమనించింది. "ఊపిరితిత్తుల్లో లేదులే. పిన్ని పక్కన కూర్చుంటే నీకేమీ అంటదు."

పోలీసమ్మకు మళ్లీ అనుమానం. ఊరికే ధైర్యం చెబుతోందా? ఈసారి మనసులో దాచుకోలేదు. "నిజంగానా? మరి మీకు భయం లేదా?"

"ఉంటే మాస్కు పెట్టుకునేదాన్ని," అంది డాక్టరు.

పోలీసమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

బయట రోడ్డంతా బళ్లే. ఎప్పుడూ ముందు పరుగెత్తే పోలీసమ్మ వెనక్కొచ్చి, పిన్నికి ఎడమ పక్కన నిలబడింది.

"పిన్నీ, నేను కనబడుతున్నానా? ఉన్నదున్నట్టు చెప్పు."

"లేదే."

పోలీసమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇక్కడున్నాను. స్కూటరొస్తోంది, ఆగు."