కోచ్ గారి కూతురు

ఆదివారం ఉదయం ఆరు కాకముందే పెందుర్తిలోని ఆ ఇంటి ముందు ఏడు సైకిళ్ళు వరసగా నిలబడ్డాయి. గౌరీశ్వరి ఒక్కొక్క చక్రానికీ గాలి కొడుతోంది. అరుగు మీద కూర్చున్న ఆమె తండ్రి శ్రీరామ్మూర్తి నవ్వాడు. నచ్చి నవ్విన నవ్వు కాదది.

“ఏటే ఇది, సైకిల్ రేసా, పెళ్ళి ఊరేగింపా?”

“సబ్బవరం దాకా టూర్ నాన్నా. వచ్చినోళ్ళకి పొలాలు, జీడితోటలు సూపిత్తాను. మధ్యలో టిఫిన్.”

“టిఫిన్!” ఆ మాటను ఉమ్మేసినట్టు అన్నాడు. “నేషనల్స్‌లో మెడల్ కొట్టిన కాళ్ళే ఇవి. ఇప్పుడు జనానికి ఇడ్లీలు తినిపించడానికి తిరగతన్నాయి.”

“తొమ్మిదేళ్ళు అదే రోడ్డు మీద తొక్కినాను. ఒక్క చెట్టూ సూడలేదు. ఇప్పుడు సూత్తన్నాను.”

“చెట్లు సూడ్డానికి నీకు కోచింగ్ ఇచ్చినానా?”

స్టీల్ ప్లాంటులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన శ్రీరామ్మూర్తే ఆమెకు కోచ్. రోజూ తెల్లవారకముందే స్కూటర్ మీద వెంటపడి తొక్కించేవాడు. పద్నాలుగేళ్ళ కిందట సెలక్షన్ ట్రయల్స్‌లో పడిపోయాక ఆమె మళ్ళీ రేసుకు వెళ్ళలేదు. ఏడాదిగా ఈ టూర్లు నడుపుతోంది. ఏడాదిగా ఆయన నోట ఇవే దెప్పులు.

ఆ రోజు ఆయనకు దెప్పింది చాలలేదు. స్కూటర్ తీసి వెనకాలే బయల్దేరాడు. సబ్బవరం ఇంకా రాకముందే ఒక ఎత్తు దగ్గర వాళ్ళను అందుకున్నాడు. అందరికంటే వెనక సూర్యకాంతమ్మ ఉంది. రిటైరైన నర్సు. యాభై తొమ్మిదేళ్ళ వయసులో మొన్ననే సైకిల్ నేర్చుకుంది. ఆయాసపడుతూ తొక్కుతోంటే గౌరీశ్వరి పక్కనే నెమ్మదిగా వెళుతూ ధైర్యం చెబుతోంది.

“దిగి ఆటో ఎక్కమ్మా! నత్తలు కూడా నిన్ను సూసి నవ్వతన్నాయి,” అని అరిచాడు శ్రీరామ్మూర్తి.

ముందు వెళుతున్నవాళ్ళంతా ఆగి వెనక్కి చూశారు. సూర్యకాంతమ్మ సైకిల్ దిగి తల వంచుకుంది.

గౌరీశ్వరి వెళ్ళి స్కూటర్‌కు అడ్డంగా నిలబడింది. “ఆవిడనెందుకంటావ్? నీ కోపం నా మీద కదా?”

“నీ మీదే. ఓడిపోయినోళ్ళు సేసే పనే ఇది.”

“నాను ఓడిపోలేదు, పడిపోయినాను. నువ్వు పరిగెత్తుకొచ్చి ముందు సైకిల్ లేపినావ్. చక్రం తిప్పి సూసినావ్. నాను భుజం విరిగి రోడ్డు మీదే ఉన్నాను. నన్ను లేపింది ఎవరో ముక్కూ మొహం తెలీని మనిషి. నొప్పెట్టిందా అని ఇప్పటికీ నువ్వు అడగలేదు నాన్నా.”

శ్రీరామ్మూర్తి స్కూటర్ ఇంజన్ ఆపాడు. ఆ రోజు వంగిపోయిన రిమ్ము ఆయన కళ్ళ ముందు స్పష్టంగా ఉంది. కూతురి మొహం మాత్రం ఎంత వెతుక్కున్నా గుర్తు రాలేదు.

ఆయన స్కూటర్ దిగి సూర్యకాంతమ్మకు చేతులు జోడించాడు. “తప్పైపోయిందమ్మా.”

“నాకు కాదండీ,” అందామె గౌరీశ్వరి వైపు చూపిస్తూ.

ఆయన కూతురి దగ్గరికి వచ్చాడు. “ఏ భుజమే, తల్లీ?”

ఆమె ఎడమ భుజం చూపించింది. “వానాకాలంలో ఇప్పటికీ లాగుతాది.”

నడిరోడ్డు మీద, అంతమంది ముందు, శ్రీరామ్మూర్తి ఆ భుజం మీద చెయ్యి వేసి వెక్కి వెక్కి ఏడ్చాడు. గౌరీశ్వరి ఆ చేతిని తొయ్యలేదు.