బోర్డు మీది నాయనమ్మ

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందు. రెండో అంతస్తు వంటగదిలో సువార్త ఉప్మా కలుపుతోంది. కూతురు సిల్వియా ఫోన్‌ను పొయ్యి గట్టు వైపు తిప్పి పట్టుకుంది.

“డాడీ, జర ఇటు రా. నాయనమ్మ మనింటికొచ్చింది.”

జాన్‌బాబు చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. ఫోన్‌లో తమ వంటగదే కనిపిస్తోంది. అవే గిన్నెలు, అదే నీళ్ళ బిందె. బిందె పక్కన మాత్రం చీపురు పట్టుకుని ఒక ఆడమనిషి నిలబడి ఉంది. సిల్వియా దగ్గరికి జరిగితే ఆమె పెద్దదవుతోంది.

ఆమె దేవమణి, జాన్‌బాబు తల్లి; అతని పెళ్ళికి ముందే పోయింది. డెబ్భై తొమ్మిదిలో పురుటి సెలవు కోసం రోడ్లూడ్చే ఆడవాళ్ళను పంజాగుట్ట చౌరస్తాలో పదకొండు రోజులు కూర్చోబెట్టిన మనిషి. ఈ రోజు పదకొండు గంటలకు అదే చౌరస్తాలో ఎవరు ఫోన్ ఎత్తి చూసినా తెర మీద ఆమె మళ్ళీ కనబడాలి. సిల్వియా ఆఫీసులో ఆరుగురు కలిసి ఎనిమిది నెలలు చేసిన పని అది. బొమ్మల బాధ్యతంతా ఆర్ట్ డైరెక్టర్ సిల్వియాది. ఆనాడు సమ్మెలో కూర్చున్న ముసలమ్మలు నలుగురు చూడటానికి వస్తున్నారు.

“ఎవరిది?” అన్నాడు జాన్‌బాబు.

“గదేంది డాడీ? నాయనమ్మ.”

“మా అమ్మ గిట్లుంటదా? పాల లెక్క తెల్లగ, నున్నగ! చీరెల దుకాణం బొమ్మ తెచ్చి చీపురు చేతికిచ్చిండ్రు. మా అమ్మ నలుపు. ఎడమ కనుబొమ్మ మీద లాఠీ దెబ్బ పడి రెండు ముక్కలయింది. గా మచ్చ ఏది?”

“పొద్దుగాల్నే లొల్లి పెట్టకు. పిల్ల తిని పోవాలె,” అంది సువార్త.

“ఏం తింటది? రోడ్లూడ్చేటామె నల్లగుంటే మీ ఆఫీసుకు నామోషా?”

పాతికేళ్ళు బోర్డులు రాసిన చెయ్యి అతనిది. ఫ్లెక్సీలు అచ్చేసే యంత్రాలు వచ్చి ఆ చేతిని ఖాళీగా కూర్చోబెట్టాయి. కింద సందులో గోడ గోడకూ ఫ్లెక్సీల్లో పళ్ళికిలించే ర్యాంకుల పిల్లలను చూస్తే అతనికి ఒళ్ళు మండుతుంది. ఇప్పుడు ఆ యంత్రాలు ఇంట్లోకే వచ్చి కన్నతల్లిని మార్చేశాయి. చేతికందిన టీ గ్లాసు గోడకేసి కొట్టాడు.

“ఏడో తరగతి కాడ బడి బంద్ పెట్టినోడు, వీనికేం తెలుసులే అనుకున్నవు. నన్నొక్క మాట అడిగినవా?”

“అడిగిన!” సిల్వియా గొంతూ లేచింది. “మూడుసార్లడిగిన. ‘నా బోర్డు చూసుకో పో’ అన్నవు. చూసుకున్న.”

ఫోన్‌లో ఇంకో ఫోటో తీసి అతని ముఖం ముందు పెట్టింది. యూనియన్ ఆఫీసు గోడ మీది రేకు బోర్డు. తెల్లటి ముఖం, తీర్చిన కనుబొమ్మలు. కింద మూలన ఎర్రటి అక్షరాలు: జాన్ ఆర్ట్స్.

“నాకప్పుడు ఐదేండ్లు. నువ్వు వేస్తుంటే రంగు డబ్బా పట్టుకొని నిలబడ్డ. నాయనమ్మంటే నాకు గదే ముఖం. ఉన్న ఒక్క ఫోటో యూనియన్ ఆఫీసుల చెదలు తిన్నది. మచ్చ ఉండెనని నాకెట్ల తెలుస్తది? తుడిచింది నువ్వు!”

ఉప్మా అడుగంటిన వాసన వచ్చింది.

సమ్మెకు పాతికేళ్ళయినప్పటి బోర్డు అది. మొదట నల్లగానే వేశాడు, మచ్చతో సహా. యూనియన్ నాయకుడు రామ్మోహనరావు వచ్చి చూసి, “ఏంటి బాబూ ఇది? మంత్రిగారొచ్చే సభ. కాస్త కళగా ఉండాలి. ఆ గాటు తీసెయ్,” అన్నాడు. జాన్‌బాబు సరేనన్నాడు. డబ్బాలో తెలుపు కలిపాడు. ఒక్క గీతతో తల్లి కనుబొమ్మను అతికించేశాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఆ బోర్డు గురించి గొప్పలు చెప్పుకున్నాడు.

“నువ్వన్నా గట్టిగ అడగకపోతివి...” అని కూతురితో మొదలుపెట్టి ఆగిపోయాడు.

సువార్త పొయ్యి ఆపింది. “నేను సుత ఆమెను చూడలే. ఈ ఇంట్ల చూసినోడివి నువ్వొక్కడివే.”

సిల్వియా అప్పటికే కేదార్‌కు ఫోన్ చేసింది. కంప్యూటర్ పనంతా చూసేది అతనే.

“ఇప్పుడు ముఖం మార్చుడేంది సిల్వియా? షో పదకొండుకు ఉంది, నీకేమన్నా పిచ్చా?”

“ఆర్ట్ డైరెక్టర్ని నేను. తప్పు నాది. గంటన్నరల పంపుత, పెట్టు.”

ఆ మాట జాన్‌బాబుకు చెంపదెబ్బలా తగిలింది. అది తన నోటి నుంచి రావలసిన మాట.

“తప్పు నీది కాదు బిడ్డా,” అన్నాడు. చొక్కా చేతిని మోచేతి దాకా మడిచి చెయ్యి చాపాడు. “ఫోటో తియ్యి. మా అమ్మ రంగు ఇదే. ఇంకో పిసరు ముదురు.”

సిల్వియా తీసింది. ల్యాప్‌టాప్ ముందు ఇద్దరూ కూర్చున్నారు.

“మచ్చ జర పైకి. ఇంకా లోతుగ. గట్ల కాదు, వంకరగ.” తన కనుబొమ్మ మీద వేలితో గీసి చూపాడు. “తొమ్మిదేండ్లోణ్ణి. దానికి పసుపద్దింది నేనే.”

తొమ్మిదిన్నరకు దేవమణి మళ్ళీ బిందె పక్కన నిలబడింది, నల్లగా, తెగిన కనుబొమ్మతో.

“నన్నే చూస్తున్నది,” అన్నాడు జాన్‌బాబు కళ్ళు తుడుచుకుంటూ. “కోపంగ.”

“చూడనీ డాడీ.”

అతను అటక మీది నుంచి పాత బ్రష్షులు దించి సంచిలో వేసుకున్నాడు.

“పోయేటప్పుడు రంగుల దుకాణం కాడ ఆపు. షో అయినంక ఆ బోర్డు దిద్దాలె.”