సెకనుకు పదహారు సార్లు

మాస్టర్ క్లాక్ తెర మీద "సెకనుకు ఒకటి" అని ఉన్నచోట సువర్చల "పదహారు" అని కొట్టింది. ఎంటర్ నొక్కబోతూ ఆగింది.

"బడి డోమ్‌లోని ఆ చిన్న గడియారాన్ని అన్నిసార్లు పలకరిస్తే దానికి ఊపిరాడద్దూ, మేడమ్?" అన్నాడు పక్కన కేబుళ్లు సర్దుతున్న జోగయ్య.

"మా పిల్లలున్న డోమ్ అది, జోగయ్య గారూ. దుమ్ము తుఫాను వస్తోంది. అక్కడ టైమ్ వెంట్రుకవాసి కూడా తప్పకూడదు."

అంగారకుడి మీద గనుల దగ్గర రేడియేషన్ ఎక్కువని పిల్లల్ని ఉండనివ్వరు. పదమూడేళ్ల లిఖిత, ఎనిమిదేళ్ల కేదార్ తొమ్మిది వందల కిలోమీటర్ల అవతల బడి డోమ్‌లో ఉంటారు. ఒంటరి తల్లి సువర్చలకి పెంపకమంతా ఫోన్లోనే. మొన్న కూడా లిఖిత విసుక్కుంది: "పొద్దుట్నుంచి ఇది ఐదోసారమ్మా! తిన్నాం, చదివాం, వీడి చెవిలో మందు వేశాను. అడగడానికి రేపటికి కూడా కాస్త ఉంచుకో!"

సువర్చల ఎంటర్ నొక్కింది.

డోములన్నీ ఒకే టైమ్‌లో నడవడానికి మాస్టర్ క్లాక్ "ఇప్పుడు టైమ్ ఇంత" అని సింక్ మెసేజ్ పంపుతుంది. అది దారిలో ఉండగానే కొంత టైమ్ గడిచిపోతుంది. ఎంత గడిచిందో తేల్చుకోవడానికి డోమ్ గడియారం ఎదురు మెసేజ్ పంపి, రానూ పోనూ పట్టిన కాలంలో సగాన్ని ఆ వచ్చిన టైమ్‌కి కలుపుకుంటుంది. రావడానికీ పోవడానికీ ఒకేలా పడుతుందని దాని నమ్మకం.

సెకనుకు పదహారు వచ్చిపడేసరికి బడి డోమ్‌లోని పాత గడియారం వాటిని చూసుకోలేక వరసలో నిలబెట్టింది. ఆలస్యమంతా వచ్చేవైపే జరుగుతున్నా, అది మాత్రం సగమే కలుపుకుంటూ పోయింది. రెండు రోజుల్లో పదకొండు సెకన్లు వెనకబడింది.

అక్కడ సింక్ మెసేజ్‌కైనా, ఫోన్‌కైనా వేసే తాళం ఆ క్షణపు టైమ్‌తోనే తయారవుతుంది. రెండు గడియారాల తేడా రెండు సెకన్లు దాటితే తాళంచెవి చెరిగిపోతుంది. ఇక ఇటు మాట అటు విచ్చుకోదు, అటు మాట ఇటు విచ్చుకోదు.

"మళ్లీ ఒకటికి తగ్గించాను కదా!" అంది సువర్చల.

"ఆ సంగతి దానికి చేరాలి కదమ్మా. మనిషి వెళ్లి చేత్తో సరిచేయాల్సిందే." జోగయ్య ఆమె మొహం చూడలేదు. "తుఫాను తగ్గి దారి తెరవడానికి నాలుగు నెలలంటున్నారు."

విప్పలేని ప్రతి కాల్‌కీ పంపినవాళ్ల పేరు మాత్రం మాస్టర్ క్లాక్ తెర మీద పడుతుంది; బడి డోమ్‌లో అదీ పడదు. లిఖిత. లిఖిత. లిఖిత. మొదటి రోజు తొమ్మిది సార్లు, మర్నాడు ఇరవై రెండు. సువర్చల కుర్చీ వదల్లేదు. ప్రతి పేరుకీ "ఉన్నానమ్మా" అని పైకే అంది. వారం తిరిగేసరికి రోజుకి రెండయ్యాయి. పదో రోజు ఒక్కటీ లేదు.

దుమ్ము కాస్త పలచబడినప్పుడు ఉపగ్రహం తీసిన ఫొటో జోగయ్య తెచ్చాడు. "డోమ్‌లో దీపాలన్నీ వెలుగుతున్నాయి, చూడండి. పిల్లలకేం కాలేదు."

"ఏమీ కాలేదు," అంది సువర్చల. "అమ్మ పలకడం లేదని మానేశారు, అంతే."

పదకొండో రోజు సాయంత్రం ఒకే ఒక్క పేరు పడింది. కేదార్. వాడు తనంతట తాను అమ్మకి ఫోన్ చేయడం అదే మొదటిసారి.

ఆ తర్వాత ఏ పేరూ పడలేదు.